తలకిందుల చిలకలు

మేం పడుచువాళ్ళుగా ఉన్న రోజుల్లో చీరాల మగ్గాల పేటలో కరెంటు దీపమే ఒక వింత. అలాంటి చోట, యంత్రానికి ముందే అన్నీ చెప్పిపెట్టి దానిచేత పని చేయించినవాణ్ణి నేను. నిన్న మా మనవడికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. వాడు కంప్యూటర్ నల్లతెర మీద ఏదో ఒక వరస కొట్టి, కింద జవాబు రాగానే "తాతయ్యా, నా మొదటి ప్రోగ్రామ్ నడిచింది" అని ఇల్లు పీకి పందిరేశాడు. నాది వాడి నాన్న పుట్టకముందే నడిచింది, అదీ తలకిందులుగా.

అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు. నేత బడిలో జకార్డు పని నేర్చుకుని వచ్చాను. జకార్డు అంటే మగ్గం నెత్తిన ఎక్కించే పెట్టె. బొమ్మకు తగ్గట్టు అట్టలకు చిల్లులు పొడిచి, దండలా కుట్టి దానికి తగిలిస్తే, కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. (కంప్యూటర్ మాత్రం ఇంతకు మించి ఏం చేస్తుందో నాకు తెలియదు.) ఇంటికి పెద్ద అయిన మా పెదనాన్నకు ఆ పెట్టెను చూస్తేనే ఒళ్ళుమంట. "ఒక్క చీర చూస్తా. అది చెడిందా, పెట్టె దించేస్తా. నువ్వు మళ్ళా కండెలు చుట్టుకుందువుగాని" అన్నాడు. కండెలకు నూలు చుట్టడం చిన్నపిల్లల పని. నా వయసువాడికి అంతకన్నా తలవంపు లేదు.

చీరంతా మామూలుగా నేసి, చివర కొంగులో చిలకలు దించాలని నా ఆలోచన. నేను కూర్చున్న చోటికి నిటారుగా కనబడేట్టు బొమ్మ గీసుకున్నాను. చూడటానికి పేటంతా వచ్చింది. కాలు నొక్కి, అడ్డనూలు పోసే నాడె విసిరాను. చిలక కాళ్ళు రావలసిన చోట ముక్కు వచ్చింది. తర్వాత తల, చివరికి పైకి చాచిన కాళ్ళు. కంగారులో అట్టల దండను చివరిది మొదటికి వచ్చేట్టు తగిలించానన్నమాట.

"ఏందిరా ఇది, చిలకా గబ్బిలమా?" అన్నాడు పెదనాన్న. ఊడదీస్తానంటే ఒప్పుకోలేదు. "జరీ పాడైపోద్ది. అట్టాగే నెయ్యి, నీ చదువు నలుగురూ చూడనీ." చెవులు కాలిపోతుండగా ఆ నవ్వుల మధ్యే కొంగు పూర్తిచేశాను.

మగ్గం దించిన చీరకు పసుపు పెట్టి, ఇంటి ఇల్లాలు ఒకసారి భుజాన వేసుకోవడం మా ఆనవాయితీ. అమ్మ వేసుకుంది. బావగారికి ఎదురుగా నిలబడటం మర్యాద కాదని గోడవైపు తిరిగింది. దాంతో కొంగు మా అందరి వైపూ వేలాడింది. చిలకలన్నీ తలలెత్తి నిలబడి ఉన్నాయి. చివర నేసిన కొంగు భుజం మీంచి జారితే బొమ్మ తిరగబడుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. మాకు అలవాటైనవి గీతల కొంగులు, గీతకు తలేది, తోకేది? నేను అనుకున్నట్టే నేసి ఉంటే అవి నిజంగానే గబ్బిలాలయ్యేవి.

నవ్వులు ఆగిపోయాయి. "ఏరా, బాగుందా?" అని అమ్మ గోడకేసి అడిగింది. పెదనాన్నే లేచి, కండువా దులుపుకుని, "పెట్టె ఉండనీరా" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో, ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

గబ్బిలం అన్న పేరు మాత్రం నాకు ఉండిపోయింది. చీర ఆ వారమే అమ్ముడుపోయింది, ఎవరు కట్టుకున్నారో తెలియదు. అందుకే పెళ్ళిళ్ళలో ఇప్పటికీ నా కళ్ళు ముందు కొంగుల మీదికే పోతాయి. "ఈ వయసులో ఆడవాళ్ళ వెనక ఏందండీ ఆ చూపులు?" అంటుంది మా ఆవిడ. చిలకల కోసమే అంటాను. అవి ఇన్నాళ్ళుంటాయా అని ఆమె నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, చూడటం మాత్రం మానను.