పార్కింగు దాటి లోపలికి

మా బావ టూరిస్టు బస్సు నడుపుతాడు. మా అక్కను పెళ్ళాడేనాటికే నడుపుతున్నాడు. మా ఊరి పిల్లల్లో సగం మంది పాత కోటనూ, దానికి కాస్త అవతల ఉన్న నీళ్ళ ఆటల పార్కునూ మా బావ బస్సెక్కే చూసొచ్చారు. ఆయన మాత్రం ఆ రెంటినీ ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద మోజుండదంటారు కదా, అలాగే చూసి చూసి మొహం మొత్తిందనుకునేవాళ్ళం.

నేను అక్కావాళ్ళ ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటాను. పళ్ళ డాక్టరు దగ్గర పని. పన్ను నొప్పితో బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, వరసలో ఎవరి తర్వాత ఎవరో చెప్పడం నా ఉద్యోగం. నేను మెట్లు దిగి వచ్చేసరికి బావ వెళ్ళిపోయి ఉండేవాడు. గోడకున్న మేకుకు బస్సు తాళాలు లేకపోతే బావ ఇంట్లో లేనట్టు లెక్క. వేసవి సెలవుల్లో అయితే ఆ మేకు ఎప్పుడూ ఖాళీయే. లోకానికంతా సెలవులైతే ఆయనకు ఊపిరి తీసుకోను తీరిక ఉండదు. పిల్లలు కూడా అలవాటుపడిపోయి, ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడగడం మానేశారు.

కిందటేడు వానల్లో, ఊరి బయట టైరు మార్చడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుములో ఏదో జారిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఎంత లేదన్నా కొన్ని నెలలు మంచం దిగకూడదన్నారు. బండి తోలడం తప్ప మరో విద్య తెలియని మనిషి, ఇంటి పైకప్పు చూస్తూ పడుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో మమ్మల్ని ఒడ్డున పడేసింది నిదానం. అది అతని పేరు కాదు. తన బస్సు వెనక "నిదానమే ప్రధానం" అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు, బండి కూడా అలాగే తోలతాడు, అందుకని స్టాండులో అందరూ నిదానం అంటారు. పిల్లలకు నిదానం మామయ్య. డ్యూటీకి వెళ్ళే ముందు ప్రతిరోజూ వచ్చేవాడు. డాక్టరు సరేనన్నాక బావను చంకల కింద చేతులేసి లేపేవాడు, మంచం చుట్టూ నడిపించేవాడు. వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి ఎవరిదో కారు అడిగి తెచ్చి తీసుకెళ్ళేవాడు. బావ సీటులోకి కొత్త డ్రైవరును తీసుకుంటారన్న మాట వినపడగానే, స్టాండులో వాళ్ళంతా కూడబలుక్కుని ఆ ట్రిప్పులు తలా ఒకటి పంచుకున్నారు. సీటు మీద బావ కట్టుకున్న చెక్కపూసల కవరును ఎవరూ విప్పలేదు. గుచ్చుకుంటున్నా దాని మీదే కూర్చుని తోలారు.

వేసవి వచ్చేసరికి బావ మామూలుగా నడుస్తున్నాడు. "మళ్ళీ వానలు మొదలయ్యాక స్టీరింగ్ పట్టుకోండి, అందాకా వద్దు" అన్నాడు డాక్టరు. అంటే సెలవుల్లో బావ ఇంట్లోనే ఉంటాడు. ఈ మాట ముందుగా తట్టింది మా మేనకోడలికి.

"నాన్నా, అయితే ఈసారి మనం కూడా వెళ్దామా?" అంది. తమ్ముడు మోచేత్తో పొడిచాకే అడిగిందని చూస్తేనే తెలుస్తోంది.

బావ అక్క వంక చూశాడు. అక్క అప్పటికే తలూపేసింది.

ఆ ఆదివారం పొద్దున ముందుగదిలో అందరం సమావేశమయ్యాం. మేనల్లుడికి జారుడుబల్లలున్న పార్కు కావాలి. అత్తయ్యకు, అంటే బావ వాళ్ళమ్మకు, కోట కావాలి. "బతికుండగా ఒక్క కోటైనా చూడొద్దూ" అంది, ఇప్పుడే పోతున్నట్టు. మేనకోడలికి రెండూ కావాలి.

"నీకేం కావాలే?" అని అక్కను అడిగాను.

"ఎక్కడైనా సరే. నేను పొయ్యి మొహం చూడకూడదు. అన్నం ఎప్పుడు అని నన్నెవరూ అడక్కూడదు. అంతే."

ఇక బావ అందుకున్నాడు. బస్సు గురించి తప్ప మరో విషయం మీద ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినలేదు.

"కోట ముందు, పార్కు తర్వాత. నీళ్ళలో నానినవాళ్ళు కోట చూడరు, సీట్లో పడి గురక పెడతారు. నేను చూస్తూనే ఉన్నా కదా."

"అంతేలే, చదువు ముందు, ఆట తర్వాత" అంది అత్తయ్య మనవడి వంక చూస్తూ.

"కోట దగ్గర గేటు ఎదురుగా ఆపకూడదు. ఎడంపక్క గోడ కింద ఆపితే మధ్యాహ్నం దాకా నీడ. టికెట్ల కిటికీ వెనకున్న మరుగుదొడ్ల వైపు పోనే పోవద్దు, మూలనున్నవి శుభ్రం. పార్కు దగ్గరైతే రెండో గేటు. మొదటి గేటు దగ్గర మనుషులు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతుంటారు."

"అది సరేరా, కోట లోపల మెట్లెన్ని? నా మోకాళ్ళు ఎక్కనిస్తాయా?"

బావ ఆగిపోయాడు. "బాగానే ఉంటాయనుకుంటా" అన్నాడు.

"అనుకుంటా ఏంట్రా?"

"దిగొచ్చేవాళ్ళ ఆయాసం చూస్తే తెలుస్తుందిగా. రొప్పుతూ వచ్చి నీళ్ళ సీసాలు అడుగుతారు."

ఎవరికీ అర్థం కాలేదు. మేనకోడలే అడిగింది. "నువ్వు లోపలికి వెళ్ళలేదా నాన్నా?"

"బస్సు వదిలి ఎలా పోతానే? లోపల సామాన్లుంటాయి. ఎవరో ఒకరు తలనొప్పని ముందే వచ్చేస్తారు, తలుపు తియ్యాలి." ఏదో తప్పుకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "లోపల రాణీగారి స్నానాల గది ఉందంటారు. కాదు, అది ధాన్యం కొట్టు అని ఒక మేష్టారన్నారు. తిరుగు దారిలో అద్దంలో చూస్తూ వింటుంటాను కదా, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు."

ఇన్నేళ్ళ కాపురంలో తనకీ సంగతి తెలియకపోవడమేమిటని అక్క ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను చూపిస్తాలే నాన్నా" అన్నాడు మేనల్లుడు.

"నువ్వు చూశావేంట్రా?"

"లేదు. ఇద్దరం కలిసి చూద్దాం."

ఏ బస్సులో వెళ్ళాలన్న చర్చే రాలేదు. నిదానం ఒక బృందాన్ని అటే తీసుకెళ్తున్నాడు, వెనక సీట్లు ఖాళీ. "వాడి బండి అయితేనే ఎక్కుతాను, ఇంకొకడు తోలితే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది" అన్నాడు బావ.

నిదానం తోలినా అంత పనీ అయింది. బావ కిటికీ పక్క సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను తొక్కుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ వేళ్ళు ఊరుకోవడం లేదు. కొంతదూరం పోయాక ముందునుంచి నిదానం గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఆ కాలు కాస్త పక్కన పెట్టుకో. నా బండికి బ్రేకులున్నాయి."

బస్సంతా నవ్వింది. బావ కూడా నవ్వి, అప్పుడు వెనక్కి జారగిలబడ్డాడు. ఊళ్ళు వెనక్కి పోతుంటే, "ఈ చెరుకుతోట ఇంత పెద్దదా? రోడ్డు తప్ప ఎప్పుడూ ఏం చూశాను" అని తనలో తనే అనుకున్నాడు.

కోట దగ్గర బస్సు ఎడంపక్క గోడ కిందే ఆగింది. అందరం దిగాం. నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను, పిల్లలు అప్పటికే గేటు దగ్గరున్నారు. టికెట్లు తీసుకుని వెనక్కి చూస్తే బావ లేడు. డ్రైవర్లు కూర్చునే సిమెంటు దిమ్మ మీద, వాళ్ళ మధ్యన సర్దుక్కూర్చుని కబుర్లలో పడ్డాడు.

అక్క వెనక్కి వెళ్ళింది. "ఏమండీ, రారా?"

"మీరు వెళ్ళి రండి, నేనిక్కడ..." అనబోయి ఆగాడు. డ్రైవర్లందరూ ఆయన్నే చూస్తున్నారు. నిదానం మెల్లగా అన్నాడు. "బండి నేను చూసుకుంటాలే, పోరా."

బావ లేచి చొక్కా సర్దుకున్నాడు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాడిలా జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. గేటు దాటాక ఆ తలుపు చెక్కను అరచేత్తో తట్టి చూసి, "లోపలివైపు ఇలా ఉంటుందన్నమాట" అన్నాడు.

మెట్లు నిజంగానే చాలా ఉన్నాయి. సగం ఎక్కేసరికి అత్తయ్య కూలబడింది. బావ కూడా నడుం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. "తల్లికి మోకాళ్ళు, కొడుక్కి నడుము, మంచి జోడీ" అని అత్తయ్యే నవ్వింది. మేం పైకి వెళ్ళి, రాణీగారి స్నానాల గదో ధాన్యం కొట్టో తేలని గది చూసి దిగొచ్చేసరికి, తల్లీ కొడుకులిద్దరూ మెట్ల పక్కనున్న కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. అక్కణ్ణుంచి పార్కింగు స్థలమంతా కనిపిస్తోంది. బస్సులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

"అక్కడ కూర్చుని ఈ కిటికీ వైపు ఎన్నిసార్లు చూశానో" అన్నాడు బావ. "ఇక్కణ్ణుంచి జనం చేతులూపేవాళ్ళు. ఎవరికో అనుకునేవాణ్ణి."

మేనల్లుడు కిటికీ ఎక్కినంత పని చేసి, "నిదానం మామయ్యా" అని అరిచాడు. అంత దూరం వినపడదు. అయినా దిమ్మ మీదనుంచి ఒక మనిషి లేచి, మెడలోని తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు. బావ కూడా చెయ్యి ఊపాడు. చాలాసేపు ఊపాడు.

ఆ రాత్రికి బసలో పడుకుని మర్నాడు పార్కుకు వెళ్ళాం. రెండో గేటు నుంచే. నీడన కూర్చుంటానన్న అత్తయ్య గుండ్రటి పడవ చూడగానే, "అది మెల్లగానే పోతున్నట్టుందే" అంది. కొంచెం సేపటికి మనవరాలి పక్కన అందులో ఉంది. అది మెల్లగా పోలేదు. దిగాక జుట్టు పిండుకుంటూ, "ముందే చెప్పొద్దూ" అని మమ్మల్ని కసిరి, మళ్ళీ వరసలోకి వెళ్ళి నిలబడింది.

నడుము నొప్పి ఉన్నవాళ్ళు జారుడుబల్లలు ఎక్కరాదని బోర్డు పెట్టారు. అందుకని బావ, అక్క రబ్బరు చక్రాల్లో పడుకుని నింపాదిగా పారే కాలువలోకి దిగారు. "స్టీరింగ్ లేని బండి ఎక్కడం ఇదే మొదలు" అన్నాడు బావ, చక్రం గిర్రున తిరిగి వీపు మావైపుకు వచ్చేస్తుంటే. అక్క కళ్ళు మూసుకుంది. రెండో చుట్టు వచ్చేసరికి చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పిల్లలు లేపబోతే బావ వేలు పెదాల మీద పెట్టి వద్దన్నాడు. పక్కనే తేలుతూ, ఆమె చక్రం గోడకు తగలకుండా కాలితో నెడుతూ ఎన్ని చుట్లు తిరిగాడో.

భోజనాలయ్యాక బావ కనిపించలేదు. వెతుక్కుంటూ బయటికి వస్తే, నిదానం బస్సు ఫుట్‌బోర్డు మీద తాళాలు చేత్తో ఆడిస్తూ కూర్చుని ఉన్నాడు.

"అలవాటు పోలేదా బావా? మళ్ళీ ఇక్కడికొచ్చావే?"

"వాణ్ణి లోపలికి తోలేశాను. రానంటే రానన్నాడు. తాళాలు లాక్కుని టికెట్ చేతిలో పెట్టా. వాడు మాత్రం ఎప్పుడు చూశాడు?"

నేను పక్కన కూర్చున్నాను. ఎండకు బస్సులన్నీ సెగలు కక్కుతున్నాయి. తాళాలు ఆడించడం ఆపి ఆయనే అన్నాడు.

"నేను మంచంలో ఉన్నప్పుడు వాడు రోజూ వచ్చేవాడు కదా, ఒక్కనాడైనా ఎలా ఉన్నావని అడగలేదు తెలుసా? ఫలానా చోట గుంత పూడ్చారు, ఫలానా మలుపులో కొత్త హోటలు పెట్టారు, టీ బావుంది, నువ్వు అటు వెళ్ళినప్పుడు తాగు, అనేవాడు. నేను మళ్ళీ ఆ దారిన బండి తోలతానని వాడికంత నమ్మకం. నాకేమో అప్పుడు లేదు. వాడు చెప్పగా చెప్పగా వచ్చింది."

"ఈ మాట ఆయనతో అన్నావా?"

"ఏమని అంటాం? థాంక్స్ అంటే నవ్వుతాడు వాడు." తాళాలు ఇంకోసారి ఆడించాడు. "మీ అక్కతో కూడా అనలేదు. ఆర్నెల్లు నాకు స్నానం చేయించింది. పొద్దున నీళ్ళలో అందామనుకున్నా. నిద్రపోయింది."

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెంటికీ ఎండనే సాకు చేసుకున్నాను.

ఎప్పటికో నిదానం వచ్చాడు, పిల్లలిద్దరి మధ్యన, తడిసిన కాకిలా. ఒక కాలికి చెప్పు లేదు.

"ఒరేయ్" అన్నాడు ఆయాసపడుతూ, "ఆ పైనుంచి వదిలేశార్రా నన్ను. బ్రేకుల్లేవు, ఏం లేవు."

"ఇక చాలు మామయ్యా అంటే వినడం లేదు నాన్నా" అని మేనకోడలు ఫిర్యాదు చేసింది. "చిన్నపిల్లల్ని తోసుకుని ముందుకెళ్ళిపోతున్నాడు."

"బస్సు వెనక ఏం రాయించుకున్నావురా?" అన్నాడు బావ.

"అది రోడ్డు మీద."

బావ తన సంచిలోంచి పొడి చొక్కా, ప్యాంటు తీసిచ్చాడు. నిదానం పొట్టి మనిషి. ప్యాంటు అంచులు మోకాళ్ళ దాకా మడిచి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బావ ఈసారి వెనక సీటుకు రాలేదు, ఇంజను పక్కనున్న సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా ఇద్దరూ జారుడుబల్లల గురించే మాట్లాడుకున్నారు. అక్క ఈసారి మెలకువగానే ఉంది. బావ ఆమెతో ఆ మాట ఎప్పుడన్నాడో, అసలు అన్నాడో లేదో నాకు తెలియదు. ఊరు చేరాక ఇంటి తలుపు తీస్తూనే, "ఈ పూట నేను వండుతా, నువ్వు కూర్చో" అనడం మాత్రం విన్నాను. వండినదాంట్లో ఉప్పు ఎక్కువైంది. అక్క మారు వడ్డించుకుంది.

వానలు మొదలయ్యాక బావ డ్యూటీకి వెళ్ళాడు. స్టాండులో ఇప్పుడొక కొత్త పద్ధతి వచ్చింది. రెండు మూడు బస్సులు ఒకేచోట ఆగితే, ఒక డ్రైవరు అన్నిటికీ కాపలా ఉంటాడు, తక్కినవాళ్ళు లోపలికి వెళ్ళి చూసొస్తారు. వంతులు వేసుకున్నారు. మొన్న బావ వంతు కొండ గుహల దగ్గర వచ్చింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తయ్య మంచం మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. లోపల చల్లగా ఉందట, మాట్లాడితే మన మాట మనకే తిరిగి వినిపిస్తుందట, మెట్లు మాత్రం లేవట.

"మెట్లు లేవూ?" అంది అత్తయ్య, సర్దుకుని కూర్చుంటూ.