నా నెగెటివ్ ఎక్కడిది?

నాకు అనుమానం ఎక్కువ. పాలు పల్చగా ఉంటే నీళ్ళు కలిపారంటాను, చిక్కగా ఉంటే పిండి కలిపారంటాను. అలాంటిదాన్ని, కడుపుతో ఉన్నప్పుడు సామర్లకోటలో డాక్టరమ్మ గారు నా రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అంటే ఊరుకుంటానా? ఇంకో ల్యాబుకి వెళ్ళాను. అక్కడా అదే మాట.

"మీ వారిది పాజిటివ్ అండి. బిడ్డకి అదే వచ్చి, కాన్పులో ఆ రక్తం కాస్త మీలో కలిస్తే, దాన్ని చంపే యాంటీబాడీలు మీ ఒంట్లో తయారవుతాయి. మొదటి బిడ్డకి మామూలుగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డకే ప్రమాదం. అందుకే ఏడో నెలలో ఒక ఇంజెక్షను, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయ్యాక ఇంకోటి" అన్నారు డాక్టరమ్మ గారు. అందులో ఈవిడ కమీషన్ ఎంతో అనుకున్నాను.

అసలు చిచ్చు పెట్టింది మా పెద్దాడపడుచు. బళ్ళో పాఠాలు చెబుతుంది. "మీ అమ్మగారూ నాన్నగారూ ఇద్దరూ పాజిటివే అన్నావు కదా. మరి నీకు నెగెటివ్ ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక నిద్ర పట్టలేదు. నాన్న ముక్కు నాకు రాలేదు. ఆసుపత్రిలో పిల్లలు మారిపోయారా? లేక అమ్మే...? అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అనుమానం ఆగితేనా! నాన్న ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. ఆయన నాకు నాన్న కాకుండా పోతారేమోనని భయం.

మళ్ళీ డాక్టరమ్మ గారినే అడిగాను. "అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒకటి వస్తాయండి. రెంటిలో ఒక్కటి పాజిటివ్ అయినా మనిషి పాజిటివే. నెగెటివ్ లోపల దాగి ఉంటుంది. ఇద్దరిలోనూ దాగినవి మీకు వచ్చి ఉంటాయి." నన్ను ఊరడిస్తున్నారనుకున్నాను. నా మొహం చూసి, "మీ అమ్మగారి వైపు, పుట్టగానే ఒళ్ళు పచ్చబడి చనిపోయిన పిల్లలున్నారేమో కనుక్కోండి" అన్నారు.

ఆదివారం నిడదవోలు వెళ్ళాను. అమ్మ చర్చి నుంచి వచ్చి గోంగూర ఆకు గిల్లుతోంది. కూర్చోకుండానే అడిగేశాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకెవరు చెప్పారే? నా తర్వాత మా అమ్మకి ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పసుపు పూసినట్టు పచ్చగా అయిపోయి, పురిట్లోనే పోయారు."

అయితే అమ్మమ్మది నెగెటివ్ అయి ఉంటుంది. అది అమ్మలో దాగి, నాన్నలో దాగినదానితో కలిసి నన్ను చేరింది. నేను వీళ్ళ పిల్లనే! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. అమ్మకి అంతా వివరించాను. అది రక్తం తేడా అనీ, ఆ ఇంజెక్షను అప్పట్లో అంది ఉంటే వాళ్ళు బతికేవారేమో అనీ, అమ్మమ్మ తప్పేమీ లేదనీ చెప్పాను.

అమ్మ నవ్వలేదు.

"ఆవిడ చేతిలో పసిపిల్లలు నిలవరని ఊరంతా అనేవారే. నేనూ నమ్మాను. మన ఇళ్ళల్లో బాప్తిస్మానికి బిడ్డని పాస్టరు గారి దగ్గరికి ఎత్తుకెళ్ళేది అమ్మమ్మే కదా. నీ బాప్తిస్మం రోజు కొత్త చీర కట్టుకుని వచ్చి చేతులు చాపింది. నేను నిన్ను ఇవ్వలేదు. పోయేదాకా ఒక్కసారి కూడా నిన్ను ఎత్తుకోనివ్వలేదే" అంది.