ఒక పన్ను వెనక్కి

మసక మేస్త్రికి లోకంలో అన్నీ కనపడేవి, ఇంజన్ టైమింగ్ గుర్తులు తప్ప. బెంచీ కిందికి దొర్లిన వాషరు కనపడేది. వీధి చివర ఆగిన కారు చక్రంలో గాలి తగ్గిందని ఇక్కణ్ణుంచే చెప్పేవాడు. టైమింగ్ గుర్తుల దగ్గరికొచ్చేసరికి మాత్రం మసక. అందుకే ఆ పేరు.

ఆ మసకతో ఎక్కువ వేగినవాడు ఆయన బావమరిది. ఇద్దరూ కలిసే షెడ్డు నడిపేవారు. వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ అరిగిన బండి వస్తే, దాన్ని తిప్పే చైను విప్పక తప్పదు. తిరిగి ఎక్కించేటప్పుడు పళ్ళచక్రం మీది చుక్క, ఇంజన్ మీది గీత ఎదురెదురుగా రావాలి. తేడా వస్తే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుని ఇంజన్ ముక్కలవుతుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మేస్త్రి స్పానరు కింద పెట్టి కళ్ళు చికిలించేవాడు.

"కనపడట్లేదురా. గురువుగారిని తీసుకురా."

గురువుగారంటే పెద్దమేస్త్రి, మసక మేస్త్రికి పని నేర్పినాయన. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేసి, రెండు వీధుల అవతల కూతురింట్లో ఉంటున్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, దారిలో ప్రతి బండి చప్పుడుకీ ఆగి వంకపెట్టి షెడ్డు చేరేసరికి అరగంట.

ఆ అరగంటలు మిగిల్చుకోవాలని బావమరిది చేయని ప్రయత్నం లేదు. తనే చూసి చెప్తానంటే మేస్త్రి ఒప్పుకోలేదు. భూతద్దం తెచ్చాడు. తలకి కట్టుకునే దీపం తెచ్చాడు. చివరికి చుక్కకీ గీతకీ తెల్లరంగు పూశాడు.

"ఇప్పుడు కనపడుతోందా బావా?"

"తెలుపు కనపడుతోంది. గుర్తే కనపడట్లేదు."

ఇలా కాదని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాడు. మేస్త్రి గోడ మీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివేసి, ఆగకుండా ఆ మూల అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివాడు.

"ఈయనకేమిటి ఇబ్బంది?" అంది డాక్టరమ్మ.

"నాకేం లేదమ్మా. వీడికే ఏదో అనుమానం," అన్నాడు మేస్త్రి.

బావమరిది వారం రోజులు మాట్లాడలేదు. మేస్త్రి ఆ సంగతి గమనించినట్టు కూడా లేడు.

వ్యాను డ్రైవరమ్మ వచ్చింది ఆ తర్వాతే. ముగ్గురు రోగుల్ని రోజు విడిచి రోజు డయాలసిస్‌కి ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను ఆవిడది. క్యామ్‌షాఫ్ట్ అరిగి టకటకమంటోంది. మర్నాడు మూడింటికల్లా రోగులు ఆసుపత్రిలో ఉండాలి.

"క్యామ్‌షాఫ్ట్ ఒక్కటీ మారిస్తే చాలదా?" అంది.

"ఎలాగూ విప్పాం కదమ్మా. చైను సాగింది, దాని గైడ్లు అరిగాయి, దాన్ని బిగించి పట్టే టెన్షనరు నీరసించింది. కొత్త క్యామ్‌షాఫ్ట్‌ని తీసుకెళ్ళి ఈ ముసలాళ్ళ మధ్య కూర్చోబెట్టలేం," అన్నాడు మేస్త్రి.

మర్నాడు ఒంటిగంటకి కొత్త సామానంతా ఎక్కింది. బావమరిది వంగి చూశాడు. చుక్కా గీతా ఎదురెదురుగా, దారం పట్టి కొలిచినట్టున్నాయి. ఇక టెన్షనరు పిన్ను లాగి చైను బిగుసుకోనివ్వడమే తరువాయి. అంతలో మేస్త్రి అటూ ఇటూ చూసి, చైను పైకెత్తి, చక్రాన్ని ఒక పన్ను వెనక్కి జరిపాడు.

బావమరిది ఆయన చేయి పట్టుకున్నాడు. "బావా! చేతులారా తప్పు పెడుతున్నావేంటి?"

"మెల్లిగా మాట్లాడు. గుమ్మంలో డ్రైవరమ్మ ఉంది, వింటుంది."

"పొద్దుట్నించీ ఇన్ని తిప్పలు పడింది దీనికా?"

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "ఊరికే రమ్మంటే ఆయన రాడురా. పనుంటేనే గడప తొక్కుతానని మానేసిన రోజే చెప్పేశాడు. తప్పు ఉండాలి, అది ఆయనకి దొరకాలి. అప్పుడే మళ్ళీ వస్తాడు. వెళ్ళు, తీసుకురా."

బావమరిది పరుగెత్తాడు.

పెద్దమేస్త్రి వచ్చాడు. టార్చి పట్టుకున్నాడు. చేయి వణికి వెలుగు ఇంజనంతా తిరుగుతోంది. మేస్త్రి ఆ చేతి కింద తన చేయి వేశాడు, టార్చి బరువుగా ఉందన్నట్టు. వెలుగు నిలబడింది. పెద్దాయన చాలాసేపు చూశాడు.

"బాగానే ఉంది. పిన్ను లాగు."

మసక మేస్త్రి టార్చి వెలుగుని మళ్ళీ గుర్తు మీదికి తిప్పాడు. "ఇంకోసారి చూడండి గురువుగారూ. నాకు కళ్ళు..."

"చూశాగా. లాగు."

మేస్త్రి పిన్ను ముట్టుకోలేదు. డ్రైవరమ్మ గడియారం చూసుకుంది.

"ఒక పన్ను వెనక్కుందిరా సన్నాసీ," అన్నాడు పెద్దాయన తీరిగ్గా. "నేను లేకపోతే ఇంజన్ ఏమయ్యేది?"

"ముక్కలయ్యేది," అన్నాడు మేస్త్రి, మనస్ఫూర్తిగా.

చక్రం సరిచేసి, పిన్ను లాగి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూసుకున్నారు. మూతలు బిగించి తాళం తిప్పితే చప్పుడు లేదు, ఒట్టి గురగుర. రెండున్నరకల్లా వ్యాను వీధి మలుపు తిరిగింది.

పెద్దాయన్ని ఇంటి దగ్గర దింపడానికి బావమరిదే తోడు వెళ్ళాడు. సగం దారిలో పెద్దాయన ఆగాడు. ఈసారి ఏ బండి చప్పుడూ లేదు.

"మీ బావ కళ్ళు బాగానే ఉన్నాయి, తెలుసా?"

"మీకు... ఎప్పట్నించి తెలుసు తాతా?"

"మొదటి రోజునుంచే. వాడికి అబద్ధం చెప్పడం నేర్పలేదు నేను. వచ్చి చూడకపోతే వాడు బెంగపెట్టుకుంటాడని వస్తున్నా." నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఒక్క సంగతి. ఎప్పుడూ వెనక్కే జరుపుతాడు. అప్పుడప్పుడూ ముందుకి జరపమను, నాకూ కాస్త కొత్తగా ఉంటుంది. నేనన్నానని మాత్రం చెప్పకు."