మొదటి పాఠం దాటని అక్క

“అక్క రాలేననేసింది! ఇప్పుడు పాపకేమన్నా అయితే?”

పాప చంకలోంచి థర్మామీటరు మళ్లీ తీసి చూస్తూ అతడు భార్యను అడిగాడు. జ్వరం లేదు. ఇందాకా లేదు, అంతకుముందూ లేదు. అయితే అతడు పనిచేసేది నీళ్లు పరీక్షించే ల్యాబులో. ఒక్క కొలతను నమ్మి సంతకం పెట్టే అలవాటు లేదు. డాక్టరు పాప చిగుళ్లు తడిమి చూసి, “పళ్లొస్తున్నాయి, అంతే” అన్నాడు. ఆ మాట అక్క కూడా అనాలి. అప్పటిదాకా అతడి దృష్టిలో అవి పళ్లు కావు.

“పాపకేమీ కాదు. నీకే ఏదన్నా అయ్యేలా ఉంది” అంది భార్య.

అక్కకు బస్‌స్టాండులో ఉద్యోగం, పోయిన సామాన్ల కౌంటరులో. అక్కడికి నవ్వుతూ వచ్చేవాళ్లుండరు. సంచి పోయినవాళ్లు, గొడుగు పోయినవాళ్లు, ఏం పోయిందో కూడా చెప్పలేక గుడ్ల నీళ్లు కుక్కుకునేవాళ్లు. ఒకప్పుడు అక్క వాళ్లతో పాటు తనూ కళ్లొత్తుకునేది. డ్యూటీ దిగాక డిపోకి వెళ్లి, బస్సుల్లో సీట్ల కింద దూరి మరీ వెతికేది. ఇంటికొచ్చేసరికి తమ్ముడి ఫోను సిద్ధం: పాపకు ఎక్కిళ్లు. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగేది. బంధువులంతా ఆమెను ముద్దుగా వెన్నపూస అనేవాళ్లు. అని, ఎవరి రొట్టెకు వాళ్లు రాసుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం వెన్నపూస అయిపోయింది. గొడుగు పోయిందని ఒక పెద్దాయన కౌంటరు ముందు ఏడుస్తున్నాడు. “జాలి రాలేదురా. ఆ గొడుగే చేతిలో ఉంటే ఆయన్ని ఒక్కటి వేద్దామనిపించింది” అని తమ్ముడికి చెప్పుకుని అక్క బావురుమంది.

బుద్ధుడి దారిలో కరుణను పెంచే ధ్యానం క్లాసులో ఆమెను చేర్పించింది తమ్ముడే. లెక్క సులువు: శిక్షణ లేకుండానే ఇంత చేసే మనిషి, శిక్షణతో ఇంకెంత చేస్తుందో!

అక్కడే లెక్క తప్పింది. ధ్యానం మాస్టారు ఒక వరస చెప్పాడు. కళ్లు మూసుకుని, శ్వాసను గమనిస్తూ, ముందు నేను క్షేమంగా ఉండాలి అనుకోవాలి. తర్వాత కావలసినవాళ్లు, ఆ తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లు, గిట్టనివాళ్లు, చివరికి సకల జీవరాశులు. తోటి శిష్యులు చకచకా సకల జీవరాశుల దాకా వెళ్లిపోయి, బయట స్కూటర్లు తీసేటప్పుడు ఆ జీవరాశుల్లోనే ఒకదానితో పోట్లాడేవాళ్లు. అక్క మాత్రం ఏ పనైనా పూర్తి చేయకుండా వదిలే మనిషి కాదు. మొదటి పాఠం దగ్గరే కూర్చుండిపోయింది.

“మా వంతెప్పుడక్కా?” అని తమ్ముడు ఎన్నోసార్లు అడిగాడు.

“క్యూలోనే ఉన్నావులేరా. నాకే ఇంకా అవలేదు.”

ఇవాళ కూడా ఫోనులో అదే ధోరణి. డ్యూటీ ఉంది, తర్వాత క్లాసుంది, ఆదివారం వస్తానంది. అతడిక ఆగలేక, గుక్కపెట్టి ఏడుస్తున్న పాపను భుజాన వేసుకుని కౌంటరుకే బయల్దేరాడు.

అక్కడ ఒక కాలేజీ అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు బస్సులో వదిలేసి ఏడుస్తోంది. అక్క బయటికొచ్చి స్టూలు జరిపింది. “కూర్చోమ్మా.” ఆ పిల్ల కూర్చున్నాక తనూ వెళ్లి కూర్చుంది. ఒక్క ఊపిరి వదిలి, “ఏ రంగు ఫైలు?” అంది. అరలన్నీ వెతికింది, డిపోకి ఫోను చేసింది. దొరకలేదు. “దొరికితే నేనే ఫోను చేస్తా” అని నంబరు రాసుకుంది. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. అక్క టీ గ్లాసు అందుకుంది.

తమ్ముడు నిర్ఘాంతపోయాడు. “ఆ పిల్ల ఏడుస్తూ వెళ్తుంటే నువ్వు టీ తాగుతావా?”

“తాగకపోతే ఫైలు దొరుకుతుందట్రా?”

“నీ క్లాసులో నేర్పిన కరుణ ఇదా?”

“ఏమోరా. ఇంతకుముందైతే ఈపాటికి తర్వాత వచ్చినవాళ్ల మీద అరుస్తుండేదాన్ని. వాళ్లకీ కాస్త మిగలాలిగా.”

అతడు పాపను కౌంటరు మీదుగా అందించబోయాడు. అక్క చేతులు చాచలేదు.

“ఇక్కడ పోయిన సామాన్లే తీసుకుంటాం. ఇది నీ దగ్గరే ఉందిగా.”

“అక్కా!”

“ముందు కూర్చో. భుజాలు దించు. ఊపిరి వదులు... పీల్చడం కాదురా, వదలడం! పీల్చి పీల్చి బెలూనులా ఉన్నావు.”

వదిలాడు. పాప ఇంకా పెద్దగా ఏడ్చింది. “చూశావా, పని చెయ్యలేదు!” అన్నాడు, ప్రయోగం విఫలమైనవాడి తృప్తితో.

“పాపకి కాదురా మందు, నీకు. ఇందాక నీ భుజాలు చెవుల దాకా ఉన్నాయి, ఇప్పుడు దిగాయి.”

అతడు భుజాలకేసి చూసుకున్నాడు. నిజమే. ఈలోగా పాప అతడి చొక్కా కాలరు అందుకుని, కొత్త పంటితో కసిగా నమలసాగింది. కాలరు ఉతికి ఎన్నాళ్లయిందో అని అతడు లాక్కోబోయాడు. అక్క అటు వంగి చూసి, “పన్నే” అంది. అప్పుడది పన్నయింది.

అతడు లేవబోతుంటే అక్క చెప్పిన మాటలను ఇప్పుడు పాప ఏడ్చిన ప్రతిసారీ అతడు పాటిస్తున్నాడు, ముందు ఊపిరి వదులుతూ నిలబడినందుకు భార్య పళ్లు కొరుకుతున్నా సరే:

“పిల్ల ఏడవగానే పరిగెత్తకు. ఒక్క ఊపిరి వదిలి, అప్పుడెత్తుకో. అలిసిపోతే మీ ఆవిడకిచ్చి పడుకో, తనలిసిపోతే నువ్వు తీసుకో. ఇద్దరూ ఒకేసారి మేలుకుని కంగారు పడకండి. పిల్లకి రేపు కూడా మీరు కావాలి.”