నాగమణి గారు పెట్టని సంతకం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. నా కాపురం విజయవాడలో, ఉద్యోగం కూచిపూడి వైపు పల్లెల్లో పంచాయతీరాజ్ ఇంజనీరుగా. అక్కడ ఒక చేనేత వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. చీరలు కొనేవాళ్ళ వ్యాన్లు గుమ్మం దాకా వస్తాయి, ఊరు బాగుపడుతుందని తెగ సంబరపడ్డాను.

పని మొదలెట్టాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. అంటే ఊరంతా కూర్చుని ఒప్పుకోవాలి. మేం చేసేది వేరు లెండి. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించేస్తాం. అందరూ పెట్టారు, ఒక్క నాగమణి గారు తప్ప. యాభై దాటిన మనిషి, మగ్గమే ఆధారం. "సభ పెట్టండి, అక్కడ పెడతాను" అన్నారట.

నాకు ఒళ్ళు మండింది. నెలాఖరులోగా మొదలెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయి. నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను.

"ఏంటమ్మా, రోడ్డు మీకోసమే కదా! అడ్డు పడతారేంటి?"

"అడ్డం కాదండీ. ఒక్కసారి ఇలా కూర్చోండి" అని మగ్గం చూపించారు.

అది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. రైతు ఇంట పుట్టినవాణ్ణి, ఎన్నడూ కూర్చుని ఎరగను. కూర్చుని బయటికి చూద్దును కదా, వీధి గడపకు జానెడే కింద ఉంది! పాత రోడ్డు మీదే కొత్తది పోయాలని ఎస్టిమేటు, అంటే పని అంచనా, రాసింది నేనే. అలా పోస్తే వీధి గడప ఎత్తుకు లేస్తుంది, వానొస్తే నీళ్ళన్నీ ఈ గుంటల్లోకే. సిగ్గేసింది.

"మరి మిగతావాళ్ళు సంతకం ఎలా పెట్టారమ్మా?"

"ఆఫీసు పుస్తకం గుమ్మంలోకొస్తే ఒక్కరే ఉండి కాదని ఎవరంటారండీ? పదిమందిలో అయితే నోరు లేస్తుంది."

సభ పెట్టాం. అబ్బో, లేచాయి నోళ్ళు! నన్ను రెండు గంటలు వాయించేశారు. పాత రోడ్డు తవ్వేసి, కిందికి దించి కొత్తది వేసి, పక్కన మురుగుకాలువ కట్టాలని తేలింది. ఆ ఖర్చుకు రోడ్డు పొడవు తగ్గించాలి. ఎవరింటి ముందు? అందరూ పక్కింటి వైపు చూపించారు.

మొదట్నుంచీ సభ దండగని పోరిన సర్పంచ్ గారు లేచారు. "మా ఇంటి ముందే తగ్గించండి సార్. మాకు మగ్గం లేదుగా." దణ్ణం పెట్టాలనిపించింది ఆయనకి. నాగమణి గారు పుస్తకం అడిగి తీసుకుని సంతకం పెట్టారు. నెలాఖరుకి రెండు రోజుల ముందు పని మొదలైంది.

ఆ శ్రావణంలో కుండపోత వాన. బండేసుకుని నాగమణి గారింటికి వెళ్ళాను. ఆవిడ నేస్తూనే ఉన్నారు.

"గుంట ఎలా ఉందమ్మా?"

"నన్నడగడమెందుకు, మీరే కాళ్ళు పెట్టి చూడండి" అని నవ్వుతూ లేచారు. పెట్టాను. పొడిగా ఉంది.

ఊరిని అడగడమంటే పనికి ఆలస్యమనుకునేవాణ్ణి. అడక్కపోయుంటే రోడ్డు మెరిసేది, మగ్గాలు మునిగేవి. ఇప్పుడు పుస్తకం ఇంటింటికీ పంపను. ఎవరైనా సంతకం పెట్టనంటే, ముందు చెప్పులు విప్పి వాళ్ళింట్లో కూర్చుంటాను.