కరుణమ్మగారు దేవుణ్ణి నిలదీసిన ఆదివారం

కృష్ణగిరి దాటాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వైపు నుంచి తియ్యటి పులిసిన వాసన బస్సు కిటికీలోంచి కొడుతుంది. ఆ వాసనకు ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. మత్తూరు దగ్గర మా చిన్న మందిరం, పీఠం ముందు రాశిగా పోసిన తొలికోత మామిడిపండ్లు, ఆ రాశి పక్కన నిలబడి దేవుణ్ణి నిలదీసిన కరుణమ్మగారు కళ్ళముందుకు వస్తారు.

ఆమె మా పాస్టరు అయ్యగారి భార్య. శనివారం మధ్యాహ్నాలు మా ఆడపిల్లల చేత బైబిల్లోని కీర్తనలు చదివించేవారు. ఎప్పుడో హెబ్రీ భాషలో ఎవరెవరో పాడుకున్న ఆ పాటలు ఆమె నోట పక్కింటివాళ్ళ కష్టసుఖాల్లా వినిపించేవి. నాకు స్తుతి కీర్తనలే ఇష్టం. ఏడుపులు, నిష్ఠూరాలు వచ్చినచోట పేజీ తిప్పబోతే చెయ్యి పట్టుకునేవారు. "అదీ చదువమ్మా. తీపి ఒకటే తింటే ఎట్లా?" కాలేజీలో చదువుతున్న నాకు, గొంతు బాగుందని, ఆరాధనలో పాట ఎత్తుకునే పని ఇప్పించింది కూడా ఆమే.

ఆ వేసవిలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు, హోసూరు కంపెనీ నుంచి జ్వరంతో ఇంటికి వచ్చి, వారం తిరక్కుండానే పోయింది. నా ఈడుది. మట్టి చేసిన రోజు కరుణమ్మగారు ఏడవలేదు. "దేవుని చిత్తం, స్తోత్రం చెప్పుకోమ్మా" అన్నవాళ్ళందరికీ తలూపారు. ఎంత విశ్వాసమో అని మేం అబ్బురపడ్డాం.

తరువాతి ఆదివారమే తొలికోత దేవుడికి అర్పించే తొలిఫలాల పండుగ. అయ్యగారు వాచిన కళ్ళతోనే పీఠమెక్కి, ఏం జరిగినా స్తుతించాలని చెప్పి, పాట ఎత్తుకోమని నాకు సైగ చేశారు. నేను పల్లవి అందుకున్నానో లేదో, చాప మీంచి కరుణమ్మగారు లేచి ముందుకొచ్చారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారనుకుని ఆపాను.

ఆమె పైకప్పు వైపు చూసి అరిచారు.

"యాడ పోయినావు తండ్రీ? నా బిడ్డ పక్కన కూర్చోని గొంతు పోయేదాకా పిలిచినాను కదా! నీకు వినపళ్ళేదా? నిద్రపోయినావా? నా దగ్గర ఈ పొద్దు స్తోత్రం లేదు. కోపం ఉంది. ఇదో, ఇదే తీసుకో!"

పిడుగు పడుతుందేమో అన్నట్టు అందరం బిగుసుకుపోయాం. సంఘపెద్ద ఒకాయన లేచాడు. "అయ్యగారూ, అమ్మగారిని కూర్చోబెట్టండప్పా! ఇది దేవుని సన్నిధి!"

అయ్యగారు మెల్లగా పీఠం దిగారు. ఆమెను బయటికి తీసుకుపోతారనుకున్నాను. ఆయన భార్య కాళ్ళ దగ్గర కూలబడి, "నేనూ పిలిచినాను కదే. నా మాటా వినలేదే" అని పసివాడిలా ఏడ్చారు. ఆ వెంటనే నా వెనక నుంచి ఇంకో కేక. మా అమ్మ! నాకంటే ముందు పుట్టి పోయిన బిడ్డను పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుంటోంది. నాకొక అన్న ఉండేవాడని ఆ క్షణం దాకా నాకు తెలియదు.

ఆ రోజు ప్రసంగం లేదు, ఆశీర్వాదం లేదు. ఒక్కొక్కరమే లేచి ఇళ్ళకు పోయాం. కొన్ని కుటుంబాలు మందిరానికి రావడమే మానేశాయి.

ఆ శనివారం భయపడుతూనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె చింతపండులో గింజలు తీస్తున్నారు.

"దేవుణ్ణి అట్లా అనొచ్చా అమ్మగారూ?"

"కీర్తనలు పాడినోళ్ళు ఎంత కోపమొచ్చినా ఆయన దగ్గరికే పోయి అరిచినారు కదమ్మా. నేనూ ఆడికే పోయినాను. లోపల మంట పెట్టుకోని పైకి పాడింటే, ఆయనతో నాకు మాటలే తెగిపోయుండేవి."

"మరి జవాబు చెప్పినాడా?"

"లేదు" అన్నారు, గింజ పక్కన పడేస్తూ. "రోజూ అడగతానే ఉండాను."

ఆమె ఇప్పుడు లేరు. పెళ్ళయి నేనిక్కడికి వచ్చాక, ఈ హోసూరు మందిరంలోనూ పాట ఎత్తుకునేది నేనే. స్తుతికి ముందు కాసేపు ఊరుకుంటాను. ఎవరి గుండెలో ఏముంటే అది చెప్పుకోవడానికి. అది నచ్చనివాళ్ళూ ఉన్నారు.

మొన్నటి ఆదివారం, సామల్పట్టి నుంచి పనికోసం వచ్చిన ఒకమ్మాయి నోరు విప్పకుండా కూర్చుంది. భర్త పోయి నెలలే అయింది. అందరూ వెళ్ళాక అడిగింది: "నాకు పాడబుద్ధి కాలేదక్కా. తప్పా?"

"తప్పేం లేదమ్మా. నీకు ఏమనాలనుంటే అదే ఆయనతో చెప్పు. నేనీడే ఉంటాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె దేవుణ్ణి ఒక మాట అంది. ఇన్ని చూసిన నేనే ఉలిక్కిపడ్డాను. అయినా ఆమె చెయ్యి నేను వదల్లేదు.