పరుగెత్తని గుర్రం సంతానం

పందెపు గుర్రాలెక్కే జాకీలు తొడుక్కునే సిల్కు చొక్కాలు కుట్టడం ఆవిడ పని. గుర్రపుశాలల వెనక, గుర్రాల జీనులు ఆరబెట్టే వరండాకు ఆనుకుని ఒక గది. అందులో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా కొక్కేలకు రంగురంగుల చొక్కాలు. ఒక్కో యజమానికి ఒక్కో రంగు. ఆ రంగులను బట్టి ఆవిడ మనుషులను తూచి పారేసేది. "పసుపు మీద ఊదా చుక్కలట! ఇలాంటివి అడిగినవాడికి కళ్ళుంటాయా, బుర్ర ఉంటుందా?" అనేది. ఆ చుక్కలాయన గుర్రాల ఫారం యజమాని.

ఆవిడ నోటికి జడిసి జాకీలు కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడేవారు. "ఊపిరి వదులు నాయనా, నన్ను మోసం చేస్తావు సరే, గుర్రాన్నేం చేస్తావు?" అని టేపుతో ఒక్కటి అంటించేది. ఆ పొట్టలన్నిటినీ తలదన్నే పొట్ట మాత్రం ఆవిడ ఇంట్లోనే ఉంది.

ఆవిడ మొగుడూ ఒకప్పుడు జాకీయే. అప్పట్లో పిట్టంత మనిషి. ఆ రోజుల్లోనే చుక్కలాయన ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరేదో పెట్టాడు గానీ, శాలలో అందరూ 'నింపాది' అనే పిలిచేవారు. గేటు తెరవగానే మిగతావన్నీ దూసుకుపోతే, ఇది ఊరు చూడ్డానికి వచ్చిన చుట్టంలా నాలుగు పక్కలా చూసుకుంటూ నడిచేది. ఆఖరి పందెంలో సగం దారిలో ఆగి, కంచె అవతలి గడ్డి వైపు మెడ చాచింది. దాని మీదున్న మొగుడు కొరడాతో చేయి నొప్పి పుట్టేదాకా బాదాడు. కదల్లేదు. జనం ఈలలు వేశారు. దిగివచ్చి, "ఇది గాడిదై పుట్టాల్సింది సార్, వదిలించేసుకోండి" అన్నాడు యజమానితో.

దాన్ని శాలకు తోలుకెళ్తుంటే ఆవిడ కిటికీలోంచి చూసింది. తొడ మీద వాతలు తేలి ఉన్నాయి. "ఓడింది గుర్రం కదా, అంత ఊగిపోయారేం?" అని ఇంట్లో అడిగితే కంచం తోసేసి లేచిపోయాడు.

వదిలించుకుందామంటే కొనే నాథుడు లేడు. చేసేది లేక చుక్కలాయన దాన్ని పిల్లల్ని పెట్టడానికి ఫారంలో ఉంచేశాడు. కథ అక్కడ అడ్డం తిరిగింది. దాని తొలిచూలు కొడుకు పెద్ద పందెం కొట్టాడు. తరవాతి కూతురు అంతకన్నా పెద్దది కొట్టింది. ఆ కూతురి పిల్లలూ, వాళ్ళ పిల్లలూ... ఎక్కడ ఏ పందెం జరిగినా ముక్కు ముందుకు పెట్టి గీత దాటేది నింపాది మనవడో, మునిమనవరాలో.

చుక్కలాయనకు నేల మీద కాళ్ళు ఆనలేదు. కొత్త చొక్కాలు చెప్పడానికి వచ్చి, "పోతుగుర్రాన్ని ఎంచుకోవడంలో ఉందమ్మా కిటుకంతా. ఈ గెలిచే పిల్లలన్నిటిదీ తండ్రి రక్తం" అన్నాడు.

ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసింది. "పెద్దదానికో తండ్రి, రెండోదానికో తండ్రి, మూడోదానికి ఇంకో తండ్రి కదండీ?"

"అవును. అన్నీ నేను ఎంచినవే!"

"అదే తండ్రులు వేరే తల్లులకి కన్నవి మీ దొడ్లో బోలెడున్నాయి. అవి గడ్డి మేస్తున్నాయి."

"నువ్వు చొక్కాల సంగతి చూడమ్మా" అన్నాడాయన.

ఇక మొగుడి సంగతి. ఒళ్ళొచ్చి స్వారీ మానేశాక ఆయన ఉద్యోగం క్యాంటీన్‌లో కబుర్లు చెప్పడమే. "నింపాదిని మొదట పసిగట్టింది నేను! 'సార్, ఇది పరుగెత్తే గుర్రం కాదు, కనే గుర్రం' అని ఆ రోజే చెప్పా" అని బల్ల గుద్దేవాడు. కాఫీ పోయించేవాళ్ళకు నిజంతో పనేముంది? వినగా వినగా చుక్కలాయన కూడా నమ్మేశాడు. ముసలిదైపోయిన నింపాదికి మైదానంలో సన్మానం చేయాలనీ, పాత జాకీయే దాన్ని జనం ముందు నడిపించాలనీ తేల్చాడు.

చొక్కా ఆవిడే కుట్టింది. "ఇద్దరి గుడ్డ పట్టింది మీ ఒక్కరికి. నడిపిస్తున్నారు కాబట్టి సరిపోయింది. ఎక్కుతారంటే అది ఇప్పుడే ప్రాణం విడిచేది" అంది.

"నా గొప్పతనం బయటివాళ్ళకు తెలుసు. ఇంట్లోదానికే తెలీదు" అన్నాడు ఆయన అద్దం ముందు టోపీ సర్దుకుంటూ.

ఆ మధ్యాహ్నం బ్యాండు మోగింది. మెడలో పూలదండతో నింపాది వచ్చింది. నడుము జారిపోయింది, కళ్ళ పైన గుంటలు పడ్డాయి, నడక మాత్రం అదే. మొగుడు పగ్గం అందుకున్నాడు. అది ఆయన్ని వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చి, నాలుగు కాళ్ళూ పాతేసినట్టు నిలబడింది. లాగాడు. బతిమాలాడు. జనంలో ఎవరో ఈల వేశారు. ఆయన మొహం కందగడ్డ అయింది. పాత అలవాటుకొద్దీ కుడిచెయ్యి పైకి లేచింది.

"చెయ్యి దించండి!"

ఆ కేక బ్యాండును కూడా ఆపేసింది. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా ఆవిడ కంచె కింద దూరి వచ్చింది. మొగుడి చేతిలోంచి పగ్గం లాక్కుంది. గుర్రాన్ని మాత్రం లాగలేదు, పక్కన ఊరికే నిలబడింది. నింపాది మెడలోని దండ అందుకుని తీరిగ్గా పువ్వులు నమలసాగింది. చుక్కలాయన మైకు పట్టుకుని తండ్రి గుర్రాల గొప్పలు చదువుతూనే ఉన్నాడు. దండ అయిపోయాక, దాని బుద్ధికి తోచినప్పుడు, అది నడిచింది.

ఇంటికొచ్చాక మొగుడు చొక్కా విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "అది నన్ను నిజంగా గుర్తుపట్టిందంటావా?" అన్నాడు.

"కొట్టిన చెయ్యి. ఎందుకు గుర్తుండదు?"

ఆయన మర్నాటి నుంచి క్యాంటీన్ మానేశాడు. ఆయన పరివర్తన చెందాడని ఆవిడ అనుకోలేదు, అక్కడ నవ్వుతున్నారని మానేశాడనుకుంది. అదే నిజం. కానీ ఒక రోజు సంచిలో క్యారెట్లు వేసుకుని ఫారం దారి పట్టాడు. మళ్ళీ వారం కూడా వెళ్ళాడు. నింపాది ఆయన అలికిడి వినగానే వెనక్కి తిరిగి పృష్ఠభాగం చూపిస్తోందని కాపలావాడు వచ్చి చెబితే, ఆవిడ మిషను ఆపి పకపకా నవ్వింది.

చలికాలం వచ్చినా ఆయన మానలేదు. తిరిగొచ్చి గుమ్మంలో బురద చెప్పులు విడుస్తుంటే, ఆవిడ దారం కొరుకుతూ అడిగింది.

"ఇంకా అటే తిరుగుతోందా?"

"ఆఁ."

"క్యారెట్లో?"

"నేను వచ్చేశాక తింటోందట."

"బుద్ధిమంతురాలు" అంది ఆవిడ. కాలితో ఇంకో ముక్కాలిపీటను ఆయన వైపు తోసి, ఊడిపోయిన గుండీల డబ్బా ఏరిపెట్టమని చేతిలో పెట్టింది.